ఇక్కడిదాకా బాగానే ఉంది

మా ఆఫీసు ప్రోగ్రాంలో నూట పద్దెనిమిదో లైను ఒకటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అది చేసే పనల్లా తెర మీద "ఇక్కడిదాకా బాగానే ఉంది" అని చూపించడం. అంతే! లెక్క కట్టదు, ఫైలు తెరవదు, దేన్నీ మార్చదు. కానీ అది ఉంటే ప్రోగ్రాం నడుస్తుంది, తీసేస్తే మధ్యలో ఢామ్మని పడిపోతుంది. ఎందుకో ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. మా మేనేజర్ ఆ లైనుకి పైనా కిందా నక్షత్రాలు పెట్టించి, "తీయరాదు. తీసినవారు నన్ను కలవాలి" అని రాయించాడు. పదిహేడు మంది ఇంజనీర్లం ఉన్నాం. అందరం నిద్రపోతున్న కుక్కని దాటినట్టు ఆ లైనుని మెల్లగా దాటి వెళ్ళిపోతాం.

మసిపూసి మారేడుకాయ చెయ్యడమంటే ఇదే.

మేనేజర్‌కి చాటుగా మేం పెట్టుకున్న పేరు రీస్టార్ట్ గారు. ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు. ప్రోగ్రాం ఆగిందా, "రీస్టార్ట్ చేశావా?" ప్రింటర్ కాగితం నమిలేసిందా, "రీస్టార్ట్ చేశావా?" ఒకరోజు టెస్టింగ్ చేసే అమ్మాయి కళ్ళు తిరిగి కూలబడితే, "కాసేపు పడుకుని లేమ్మా" అన్నాడు. అదీ అదేగా!

మేం తయారుచేసేది పసిపిల్లలకి చెవులు వినిపిస్తున్నాయో లేదో చెప్పే మెషిన్. పాప నిద్రపోతున్నప్పుడు తలకి మూడు చిన్న బిళ్ళలు అంటించి, ఒక్కో చెవిలో టిక్కు టిక్కుమని కొన్ని వేల సార్లు శబ్దం వినిపిస్తాం. చెవి వింటే నరంలో ఓ చిన్న కదలిక పుడుతుంది. ఒక్క కదలికైతే గోలలో కలిసిపోతుంది గానీ, వేల కదలికల్ని కలిపి సగటు తీస్తే కొండలా ఒక అల లేస్తుంది. వినకపోతే గీత చదునుగా ఉంటుంది. లోపల ఇదంతా అంకెల వరుసలే, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. వరుసల్ని తెచ్చి అందించే భాగం, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది, నాది. సగటు తీసే భాగాన్ని వేగం కోసం సీ భాషలో రాసి, కంపైల్ చేసి పెట్టారు. అది భూతద్దం మాస్టారిది.

భూతద్దం మాస్టారికి యాభై ఎనిమిదేళ్ళు. తెర మీద అక్షరాలు ఎంత పెద్దవి పెట్టుకుంటారంటే, ఒకసారికి పదకొండు లైన్లే కనిపిస్తాయి. నేను లెక్కపెట్టాను, పదకొండు! పన్నెండో లైనులో ఏముందో ఆయనకి మౌసు చక్రం తిప్పితేగానీ తెలీదు. మెమరీని చేత్తో పట్టి నడిపించే కోడంతా ఆయన చేతిలో పెట్టారు, ఇక చూసుకోండి.

నేను చేరిన రెండో వారంలోనే పైథాన్ భాగమంతా ఊడ్చి కడిగేశాను. ఎన్నేళ్ళ చెత్తో! ఒకచోట మాస్టారు ఎడమ చెవి వరుసని 'పట్టుకో' అనే పేరుతో దాచిపెట్టారు, మళ్ళీ ఎక్కడా వాడలేదు. కుడి చెవికి 'పట్టుకో2'. నవ్వలేక చచ్చాను. తప్పులు చూపించే టూల్ కూడా వాటి కింద పసుపు గీత గీసి, వీటిని ఎవరూ వాడటం లేదు మొర్రో అంటోంది. రెండూ తీసి పారేశాను. తర్వాత టీ తాగేచోట, "పట్టుకో అంట! ఎవర్ని పట్టుకోవాలి, పారిపోతోందా?" అని అందరినీ నవ్వించాను కూడా. తీసేసిన సంగతి మాత్రం చెప్పలేదు, చెత్త పారేసి ఎవరైనా చాటింపు వేస్తారా? మాస్టారు అక్కడే కప్పు కడుక్కుంటున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ప్రోగ్రాం పడిపోవడం మొదలైంది. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి పది. పడిన ప్రతిసారీ పడింది మాస్టారి సీ కోడ్ లోపలే. నా సిద్ధాంతం చాలా సింపుల్: ఎవరి ఇంట్లో శవం దొరికితే వాళ్ళే హంతకులు. కానీ వెతికి పట్టుకునేలోపే మేనేజర్ ఎక్కడో ఆ "ఇక్కడిదాకా బాగానే ఉంది" అనే ప్రింట్ లైను ఇరికించాడు, పడటం ఆగింది, నక్షత్రాలు వెలిశాయి, మెషిన్‌ని ఒక ఆసుపత్రిలో ట్రయల్‌కి కూడా పంపేశారు.

మా అక్క కూతురు బుజ్జిదానికి అప్పుడు మూడో నెల. ట్రయల్ గదిలో మొదటివారమే నేను దగ్గరుండి పరీక్ష చేయించాను. ఎంత గొప్పలు పోయానో! రెండు చెవులూ బ్రహ్మాండం అని రిపోర్టు వచ్చింది, ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. బావకి జిరాక్స్ షాపు. ఆయన ఒక్కడే వెనక్కి ఫోన్ చేశాడు.

"మరదలా, ఎడమదీ కుడిదీ ఒకటే కాగితం రెండుసార్లు తీసినట్టుందే?"

"బావా, రెండు చెవులూ బాగుంటే రెండు అలలూ ఒకేలాగే ఉంటాయి. నువ్వు నీ టోనర్ చూసుకో."

"సరే తల్లీ, సైంటిస్టువి."

నెల తిరిగేసరికి అక్క మొదలుపెట్టింది.

"ఏవే, మీ మెషిన్ సరిగ్గానే చూసిందా?"

"ఏమైందిప్పుడు?"

"ఇది కుడిపక్కకి తిరిగి పడుకుంటే మిక్సీ వేసినా లేవదే. ఎడమపక్కకి పడుకుందనుకో, చెంచా కింద పడ్డా ఉలిక్కిపడుతుంది."

"నిద్ర బాగా పట్టుంటుంది."

"కుడిపక్కకి తిరిగితేనే పడుతుందా, బాగా?"

"అక్కా, చెవి నరం గురించి నీకేం తెలుసు? ఒక్కో చెవికి నాలుగువేల టిక్కులు వేశాం. మెషిన్ కంటే నీకెక్కువ తెలుసా?"

"నాకు నరం తెలీదు. నా కూతురు తెలుసు" అని పెట్టేసింది.

ఒళ్ళు మండింది. ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్ళాను, అక్క నోరు మూయిద్దామని. బుజ్జిది కుడిపక్కకి తిరిగి, కుడి చెవి దిండులో పూడ్చి పడుకునుంది. ఎడమ చెవి పైకుంది. బావ వంటింట్లో మిక్సీ వేశాడు. ఖాళీ జార్, చెవులు చిల్లులు పడే గోల. కదలదే! అక్క మెల్లగా దాన్ని రెండోపక్కకి తిప్పింది. మిక్సీ అక్కర్లేకపోయింది, నా చేతిలో తాళాలు గలగలమనగానే కళ్ళు విప్పేసింది.

"కాకతాళీయం" అన్నాను.

మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అదే కాకి, అదే తాటికాయ. అక్క ఒక్క మాట అనలేదు. అనుంటే పోట్లాడి బయటపడేదాన్ని.

సోమవారం పొద్దున్నే మేనేజర్ గదిలో దూరాను.

"సర్, ఆ ప్రింట్ లైను తీసి అసలు జబ్బేంటో చూస్తాను."

"ఇప్పుడేం పడటం లేదు కదమ్మా?"

"పడకపోవడం వేరు, బాగుండటం వేరు సర్."

"గురువారం ఆసుపత్రివాళ్ళు సంతకం పెట్టడానికొస్తున్నారు. అప్పటిదాకా ఆ ఫైలు జోలికెళ్ళకు. ఊరికే ఉన్నదాన్ని గోక్కుని పుండు చేసుకుంటామా ఎవరైనా?"

అలాగే సర్ అని తలూపి, నా మెషిన్‌లో కాపీ పెట్టుకుని లైను పీకేశాను. బుజ్జిదాని పరీక్ష తాలూకు అసలు రికార్డింగ్ మా దగ్గరే భద్రంగా ఉంది, దాన్నే ప్రోగ్రాంకి తినిపించాను. ఊరికే కాదు, మెమరీకి కాపలా కాసే టూల్ కింద పెట్టి నడిపించాను. ఆ టూల్ ఉంటే ప్రోగ్రాం నత్తలా పాకుతుంది గానీ, ఎవడైనా తనది కాని చోట వేలు పెడితే చెయ్యి అక్కడే పట్టుకుని, వాడి చిరునామాతో సహా అరుస్తుంది. ఇరవై నిమిషాలు పాకింది. అరిచింది. "విడిచిపెట్టేసిన చోటు నుంచి చదువుతున్నారు." ఫైలు: సగటు తీసే సీ ఫైలు. లైను: నలభై రెండు. మాస్టారి ఇల్లు, మాస్టారి శవం!

పైన పదో పదిహేనో లైన్లు చదివి, కాగితం ప్రింట్ తీసి, ఎగురుకుంటూ ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, దొరికింది."

"ఏం దొరికిందమ్మా?"

"మీ తప్పు."

పక్క సీట్లలో ఇద్దరు కుర్చీలు తిప్పారు. అదే కావాలి నాకు. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదివారు. పై నుంచి కింద దాకా, ఒక్కో లైనూ. ఆ నిదానానికి నాకు అరికాళ్ళు దురద పెట్టాయి.

"నలభై రెండో లైనులో చదివింది నేనే. ఒప్పుకున్నా. మరి విడిచిపెట్టింది ఎవరు?"

"అంటే?"

"విడిచిపెట్టేసిన చోటు అంటోందిగా. ఎవరు విడిచిపెట్టారో కూడా రాసింది. కింద చూడు."

కింద చూశాను. విడిచిపెట్టినవారి చిరునామా: పైథాన్ వైపు, వరుసల్ని తెచ్చి అందించే చోటు. నాది.

ఆయన నా ఫైలు తెరిచి, చక్రం తిప్పుతూ తిప్పుతూ వెళ్ళి ఒకచోట ఆగారు.

"పట్టుకో ఏదీ?"

"ఏ పట్టుకో?"

"ఇక్కడ రెండు లైన్లుండాలి."

"అవా? ఎవరూ వాడటం లేదుగా, తీసేశా."

"ఎప్పుడు?"

"చేరిన కొత్తలో."

"పేరు చూసి నవ్వావు, విన్నాను. తీసేశానని చెప్పలేదే."

కోప్పడితే బాగుండేది. కళ్ళజోడు దించి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"బస్సులో సీటు మీద కర్చీఫ్ వేస్తాం చూడు. ఆ కర్చీఫ్ ఏం పని చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు."

"టికెట్ కొనదు, కూర్చోదు, ఎక్కడికీ వెళ్ళదు. ఊరికే పడుంటుంది. తీసేస్తే?"

"ఇంకెవరో కూర్చుంటారు."

"నా సీ కోడ్ దగ్గర సీటు నంబరు రాసిన చీటీ మాత్రమే ఉంటుంది. ఎడమ చెవి అంకెలు ఫలానా సీట్లో ఉన్నాయి, అంతే. పైథాన్‌కేమో ఒక వరుసని ఎవరూ పట్టుకుని లేరనిపిస్తే ఆ క్షణమే సీటు ఖాళీ చేయించేస్తుంది. అందుకని కర్చీఫ్ వేశాను. నువ్వు తీశావు. ఎడమ చెవి లేచిపోయింది. ఆ తర్వాత బస్సెక్కింది ఎవరు?"

"కుడి చెవి."

"సైజు?"

"సరిగ్గా అంతే."

"మరి ఎక్కడ కూర్చుంటుంది?"

సరిగ్గా సరిపోయే ఖాళీ సీటు కళ్ళముందుంటే ఇంకెక్కడ కూర్చుంటుంది? ఇక ఆయన చీటీ చూసుకుని, ఎడమ చెవి అనుకుని చదివిందంతా కుడి చెవి. కుడి చెవి కూడా లేచిపోయిందే గానీ, ఆ సీట్లోకి తర్వాత ఎవరూ ఎక్కరు, కాబట్టి పాత అంకెలు అలాగే మిగిలుంటాయి. ఒక్కోసారి సీటు ఖాళీ అయిందని సిస్టం ఏకంగా బస్సునే, అంటే ఆ మెమరీ ముక్క మొత్తాన్నే, డిపోకి తీసుకెళ్ళిపోతుంది, అప్పుడు ప్రోగ్రాం పడిపోతుంది. ప్రింట్ లైను చేసిన ఘనకార్యమల్లా ఆ బస్సుని కాసేపు స్టాండులో నిలబెట్టడం.

అంటే పడిపోయిన ప్రతిసారీ ప్రోగ్రాం నిజమే చెప్పింది. పడనప్పుడే అబద్ధం చెప్పింది. దాని నోరు నొక్కి, పైన నక్షత్రాలు పెట్టాం.

జిరాక్స్. బావ మాట అప్పుడు చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్ళి బుజ్జిదాని రిపోర్టు తెరిచి, ఎడమ అలలోంచి కుడి అలని తీసేశాను. సున్నా. సున్నా. సున్నా. చివరి అంకె దాకా అన్నీ సున్నాలు. ఏ ఇద్దరు మనుషుల చెవులే కాదు, ఒకే మనిషి రెండు చెవులు కూడా అంత ఒకేలా ఉండవు. ఇది చూడ్డానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. జిరాక్స్ షాపు చాలు.

'పట్టుకో' రెండు లైన్లూ తిరిగి పెట్టాను. మళ్ళీ నడిపించాను. కుడి చెవికి కొండ లేచింది, అందంగా, పుస్తకంలో బొమ్మలా. ఎడమ చెవికి గీత. చదును గీత. పరీక్షలో శబ్దం పెంచి తీసిన రికార్డింగ్ వేశాను, గీత. ఇంకా పెంచింది వేశాను. గీత.

నా వెనక మాస్టారు వచ్చి నిలబడ్డారని ఆయన మాట వినేదాకా తెలీలేదు.

"ఎవరి పాప?"

"మా అక్క కూతురు."

"తప్పు నాది కూడా అమ్మా" అన్నారు. "ఆ పట్టుకోవడమేదో సీ లోపలే ఒక్క లైనులో చెయ్యాల్సింది. ఆరోజు బద్ధకించి పైన కర్చీఫ్ వేశాను. ఎందుకు వేశానో పక్కన రాయను కూడా రాయలేదు. చూసినవాళ్ళకి అర్థమవుతుందిలే అనుకున్నా."

ఎన్నేళ్ళుగానో ఒక మెషిన్ మొత్తం కర్చీఫ్ మీద నడుస్తోందన్నమాట! మామూలుగా అయితే ఈ ఒక్క మాట మీద వారం రోజులు టీ దగ్గర నవ్వించేదాన్ని. గురివింద గింజకి తన కింది నలుపు కనబడదంటారు, నాకు ఆ రోజు నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

ట్రయల్‌లో చూసిన పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది. అందరి రికార్డింగులూ మళ్ళీ నడిపించాం, ఆయన ఒక తెర దగ్గర, నేను ఒక తెర దగ్గర. కుడి చెవి పాడైనవాళ్ళకి రిపోర్టులో రెండూ పాడైనట్టు వచ్చింది, కాబట్టి డాక్టర్లు వాళ్ళని అప్పుడే వేరేచోట మళ్ళీ చూపించారు. ఎడమ ఒక్కటే పాడైనవాళ్ళే రెండూ బాగున్నాయని చెప్పించుకుని ఇంటికెళ్ళిపోయారు. వాళ్ళు ముగ్గురు. ఒకటి బుజ్జిది.

అసలు ఫైలులో నూట పద్దెనిమిదో లైనుని నక్షత్రాలతో సహా పీకేసి, మేనేజర్ గదిలోకి వెళ్ళాను. మాస్టారు నా వెనకే వచ్చారు.

"తీసేశాను సర్. తీసినవాళ్ళు మిమ్మల్ని కలవాలన్నారుగా, కలవడానికొచ్చా."

అంతా చెప్పాను. రీస్టార్ట్ గారు వింటున్నంతసేపూ పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.

"ఇప్పుడు సరైపోయిందిగా? మరింకేం! గురువారం కొత్తది చూపిద్దాం. పాత రిపోర్టుల సంగతి ఇప్పుడెందుకమ్మా, భయపడిపోతారు. ముగ్గురేగా."

"ముగ్గురికీ ఎడమ చెవి వినపడదు సర్."

"అదే, నెమ్మదిగా..."

"రీస్టార్ట్ చేస్తే వినపడుతుందా సర్?"

ఆ పేరు ఆయన ముందు అనడం అదే మొదటిసారి. ఎవరి గురించో తెలియనట్టు కిటికీ వైపు చూశాడు. అప్పుడు మాస్టారు అన్నారు, చాలా మామూలుగా: "ఆసుపత్రికి రాసి పంపించేశాను సర్. నా పేరు మీదే. మీకూ కాపీ వచ్చుంటుంది, చూసుకోండి." పదకొండు లైన్ల మనిషి, ఒక్క లైనులో తేల్చేశారు. నేను ఉపన్యాసాలిస్తుండగా ఆయన ఆ పని ఎప్పుడు చేశారో నాకే తెలీదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను, మెమరీ, సీట్లు, కర్చీఫ్, మాస్టారి బద్ధకం, మేనేజర్ నక్షత్రాలు. బ్రహ్మాండమైన కథ! ఎక్కడ నొక్కాలో ఎక్కడ నవ్వించాలో కూడా అనుకున్నాను. అక్క తలుపు తీసింది. బుజ్జిది భుజం మీదుంది, నన్ను చూసి బోసినోటితో నవ్వింది.

"ఎడమ చెవి వినపడటం లేదక్కా. మెషిన్ తప్పు చెప్పింది. ఆ తప్పు నేను చేసిందే."

అంతే వచ్చింది బయటికి.

అక్క లోపలికి వెళ్ళి కూర్చుంది. బుజ్జిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని ఎడమ చెవి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వింది, వేలితోనే. బావ టీవీ ఆపేశాడు.

"కుడిది?" అంది.

"కుడిది బాగుంది. నిజంగా బాగుంది. రేపు పొద్దున్న పెద్ద డాక్టర్ టైమిచ్చారు, వేరే మెషిన్ మీద కూడా చూస్తారు. ఇప్పుడే తెలిసింది కాబట్టి..."

"ఇప్పుడే ఎవరికి తెలిసిందే?"

బావ గొంతు సవరించుకుని, "పోనీలేవే, ఒప్పుకుందిగా" అన్నాడు. ఆయన జాలి పడటం అన్నిటికంటే ఘోరంగా ఉంది.

"ఇంకా ఇద్దరున్నారక్కా. ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తామన్నారు, నేనే చేస్తానన్నాను. నంబర్లిచ్చారు." ఫోను చేతిలోకి తీసుకున్నాను. మొదటి నంబర్ ఒక బాబు వాళ్ళ అమ్మది. "ఏమని మొదలుపెట్టాలో తెలీటం లేదు."

అక్క తలెత్తి చూసింది.

"ముందు వాళ్ళ పిల్లాడు ఏ పక్కకి తిరిగి పడుకుంటే లేవడో అడుగు. వాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. వాళ్ళు చెప్పేది పూర్తిగా విను." బుజ్జిదాన్ని తిప్పి కుడి చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టింది. "నాతో మాట్లాడినట్టు మాట్లాడకు."

నంబర్ నొక్కాను. అటువైపు మోగుతోంది. ఆ శబ్దానికి బుజ్జిది నా వైపు తల తిప్పింది.